పెద్దమ్మ పొలం కింద బంగారం

ఐదేళ్ళ కూలి ఒప్పందం మీద మనవాళ్ళని తెచ్చే గిర్మిట్ ఓడలు ఇంకా వస్తూనే ఉన్న ఆ రోజుల్లో, ఫిజీలో మా తెలుగువాళ్ళలో ఎవడైనా చెరకు కత్తి కాకుండా మరో వస్తువు పట్టుకుని నడిస్తే వాడు గొప్పవాడి కింద లెక్క. నా చేతిలో సుత్తి ఉండేది. మామూలు సుత్తి కాదు. ఒక పక్క చదునుగా, ఇంకో పక్క పక్షి ముక్కులా ఉండి, రాయిని పగలగొట్టి దాని లోపలేముందో చూసే సుత్తి. అది దొరది. కాని దారిలో మోసేవాణ్ణి నేను కనక చూసేవాళ్ళకి నాది. ఈ తేడాను ఎవరికీ విడమరిచి చెప్పవలసిన అవసరం నాకెన్నడూ తోచలేదు. ఇప్పుడు నవాకాలో నా చెరకు పొలం గట్టున కూర్చుని వెనక్కి చూసుకుంటే, నా యౌవనంలోని తప్పులన్నీ ఈ చెప్పకపోవడం దగ్గరే మొదలయ్యాయనిపిస్తుంది. నేను అబద్ధాలాడే మనిషిని కాను. అడగనిది చెప్పే మనిషినీ కాను. (ఈ రెండూ పూర్తిగా వేరువేరు సంగతులని ఇరవై రెండేళ్ళ వయసులో గట్టిగా నమ్మేవాణ్ణి.)

మిషన్ బడిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని, పరీక్ష తప్పి, ఇంట్లో ముఖం చూపించలేక పారిపోయి, దీవుల్లో గుమాస్తా పని ఉందన్న ఒక పెద్దమనిషి మాట నమ్మి ఓడెక్కాను. ఆ గుమాస్తా పనిని ఐదేళ్ళపాటు నవువాలో చెరకు కత్తితో చేశాను. గిర్మిట్ తీరి, ఇక ఏం చెయ్యాలా అని తిరుగుతున్న రోజుల్లో గొడుగు దొర వచ్చాడు. నవువా నది వెనక కొండల్లో బంగారం ఉందేమో చూసి రమ్మని ఏదో కంపెనీ పంపిన భూగర్భశాస్త్రజ్ఞుడు ఆయన. నవువాలో వాన పడని రోజుని పండగలా చెప్పుకోవాలి, అందుకని ఆయన ఏ కొండెక్కినా ఒక చేత్తో గొడుగు పట్టుకునే ఎక్కేవాడు. ఇంగ్లీషు చదవడం, రాయడం వచ్చిన కుర్రాడు కావాలన్నాడు. నాకొచ్చునన్నాను. ఎంత వచ్చునని ఆయన అడగలేదు.

మా పని చెప్పడానికి చాలా సులువు. కొండ మీంచి దిగే ప్రతి వాగు వెంటా పైకి నడవాలి. వంపు తిరిగిన ప్రతి చోటా అడుగు ఇసుక తవ్వి, వెడల్పాటి ఇనప పళ్ళెంలో పోసి, నీళ్ళతో తిప్పుతూ తేలికది పారబొయ్యాలి. చివరికి పళ్ళెం అడుగున చారెడు నల్ల ఇసుక మిగులుతుంది. బంగారమంటూ ఉంటే దాని అంచునే ఉంటుంది. ఆ నల్ల ఇసుకని సంచిలో కట్టి, నంబరు వేసి, పుస్తకంలో రాయాలి. ఏడు నెలల్లో అలాంటి సంచులు గుడారం నిండా పేరుకున్నాయి కాని, మేం చూసిన బంగారమల్లా దొర నవ్వినప్పుడు కనిపించే పన్ను ఒక్కటే.

మూడో నెలలో పడవ రాళ్ళ మధ్య ఒరిగి దొర కళ్ళద్దాలు నవువా నది పాలయ్యాయి. కొత్తవి సిడ్నీ నుంచి రావాలి. దూరపు కొండ మీది చెట్టు పేరు చెప్పగలిగిన మనిషికి అరచేతిలో ఉన్నది అలికేసినట్టుండేది. అందుకని భూతద్దం నా కంటికి వచ్చింది. నేను చూసి చెప్పడం, ఆయన విని అర్థం చెప్పడం. ఆయన చదువూ నా కన్నూ కలిస్తే ఒక భూగర్భశాస్త్రజ్ఞుడు. నేను మాత్రం నా సగాన్నే మొత్తం అనుకున్నాను. జనం నన్ను ‘పత్థర్ బాబూ’ అని, అంటే రాళ్ళ బాబూ అని, పిలవడం మొదలుపెట్టారు. అందులో వెటకారం పాలెంతో నాకు తెలియలేదు. ఎవరింటికి వెళ్ళినా పొయ్యిరాళ్ళని సుత్తితో తట్టి, వాటి పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాణ్ణి. ఒకరోజు పెద్దమ్మ సన్నెకల్లు ఏ జాతిదో చూద్దామని ఒక మూల పెచ్చు లేపాను.

“ఓలమ్మో! మసాలా నూరుకునే రాయిని బద్దలుకొట్టీసినావేటిరా?”

“ఇది అగ్నిపర్వతంలోంచి వచ్చిన రాయి, పెద్దమ్మా.”

“ఎక్కడినుంచొస్తే నాకేటి? ఇప్పుడు మిరపకాయలతో పాటు రాయి కూడా తినాలా?”

ఈ పెద్దమ్మ నాకు రక్తసంబంధం కాదు. ఒకే ఓడలో వచ్చినవాళ్ళం. ఓడలో కలిసిన వరసలు ఊళ్ళో వరసలకన్నా గట్టివని అప్పట్లో అందరూ అనుకునేవారు. ఆమె భర్త గిర్మిట్ మూడో ఏట, కూలీలు ఉండే లైన్ల గదిలోనే పోయాడు. ఆమె మిగిలిన కాలం చెరకు కొట్టి, విడుదలయ్యాక, వాగు పక్కన తుంగ బలిసిన చిత్తడి నేల కౌలుకి తీసుకుని, తుంగ నరికి, గట్లు పోసి, వరి వేసింది. కులంబరు అరుపులకి లేచి పరిగెత్తకుండా తన ఇష్టప్రకారం తను వేసుకున్న మొదటి పంట అది. (తోటలో పని చేయించే తెల్ల పెత్తందారుని మేం కులంబరు అనేవాళ్ళం.) సాయంత్రాలు గట్టు మీద కూర్చుని ఊరికే ఆ పొలాన్ని చూస్తూ ఉండేది. ఏం చేస్తున్నావు పెద్దమ్మా అంటే, “సూస్తన్నాను. ఎవుడూ కేకెయ్యట్లేదు కదా, అది ఇంటన్నాను” అనేది.

ఆమె పొలం పక్కనే, వాగు ఒడ్డున, కంసాలి మామ గుడిసె. ఆయనా మా ఓడవాడే. గోదావరి వైపు మనిషి. గిర్మిట్ తీరగానే కుంపటి పెట్టాడు. ఆ రోజుల్లో మనవాళ్ళు కూడబెట్టుకున్న బంగారు కాసులు తెచ్చి ఇస్తే, వాటిని కరిగించి కడియాలూ ముక్కుపుల్లలూ చేసేవాడు. అరంతో రాసినప్పుడు బంగారం పొడి కొంత నేల మీద పడుతుంది కదా. మంచి కంసాలి ఆ దుమ్ముని పారెయ్యడు. రోజూ చిన్న చీపురుతో ఊడ్చి, కుంపటి బూడిదతో సహా గోనెసంచిలో దాచి, ఏడాదికోసారి నీళ్ళలో కడిగి బంగారం రాబట్టుకుంటాడు. మామ సంచి ఆ ఏడాదికి నిండింది.

ఆదివారం దొర పని ముట్టడు. గుడారంలో పడుకుని ప్రార్థన పాటలు పాడుకుంటాడు. ఆ ఆదివారం మామ నన్ను పిలిచాడు.

“ఏవయ్యా అల్లుడూ, ఆ దొరగారి పళ్ళెం ఓ పూట ఇప్పిస్తావా? చెక్క దోనెలో కడగాలంటే నాకు నాలుగు రోజులు పడుతుంది.”

పళ్ళెం ఎవరికీ ఇవ్వకూడదని దొర ఆజ్ఞ. నేను ఇవ్వలేదు. నేనే కడుగుతానన్నాను. అంటే ఆజ్ఞ మీరలేదన్నమాట.

“నీకెందుకు మామా శ్రమ! నువ్వు చేసేది చేతివాటం. నేను చేసేది సైన్సు. అలా రాతి మీద కూర్చుని చూడు.”

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. పళ్ళేనికి జిడ్డు తగలకూడదని దొర మొదటి రోజునే చెప్పాడు. జిడ్డుంటే సన్నటి బంగారం అడుక్కి దిగకుండా నీటి మీద తేలి పోతుందట. పొరపాటున జిడ్డంటితే నిప్పుల మీద ఎర్రగా కాల్చాలి. నేను ఆ ఉదయమే ఆ పళ్ళెంలో కొబ్బరినూనె పోసి చేపలు వేయించుకున్నాను. (అంత వెడల్పాటి పెనం నవువాలో ఇంకెవరికీ లేదు మరి.) చేపలు ఎర్రగా వేగాయి. పళ్ళెం ఎర్రగా కాలలేదు. అరటాకుతో తుడిచి తెచ్చాను.

పెద్దమ్మ పొలం గట్టు కింద, వాగులో మోకాలి లోతున నిలబడి, మామ ఏడాది దుమ్మునంతా గంటన్నరలో కడిగేశాను. మణికట్టు తిప్పడంలో కొన్ని కొత్త సొగసులు కూడా చూపించాను. నీటి మీద మిలమిలలాడే పొర ఒకటి పళ్ళెం అంచు దాటి వాగులోకి జారిపోతుంటే, ఎండ ఎంత అందంగా పడుతోందీ అనుకున్నాను. ఆఖరికి మిగిలింది చిటికెడు.

మామ వంగి చూశాడు. పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “అంతేనా?”

“అంతే మామా. నీ దుమ్ములో ఉన్నదే అంత.”

“ఏడాదంతా అరం కింద పెట్టిన రోజు లేదే! ఎన్ని కడియాలు, ఎన్ని కాసులపేర్లు...”

“నీ అరం మొండిదేమో చూసుకో. సైన్సు అబద్ధం చెప్పదు.”

ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, ఆ చిటికెడూ గుడ్డలో మూట కట్టుకున్నాడు. “చదువుకున్నవాడివి. నువ్వే చెప్పాలి మరి” అని వెళ్ళిపోయాడు. అవతలి ఒడ్డున పడవ తాత తన పడవకి చిల్లులు పూడ్చుకుంటూ ఇదంతా చూశాడు. ఆయన ఫిజీ ముసలాయన. మమ్మల్ని నది మీద తిప్పేది ఆయనే, పెద్దమ్మకి ఆ నేల కౌలుకిచ్చిందీ ఆయన వంశంవాళ్ళే. చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

తరవాతి గురువారం మా వరసలో ఆ వాగు వంతు వచ్చింది. వస్తుందని నాకు ముందే తెలుసు. పుస్తకంలో వరస రాసింది నేనే. అయినా ఆ ఆదివారానికీ ఈ గురువారానికీ సంబంధం ఉండొచ్చని నా శాస్త్రీయమైన బుర్రకి తట్టలేదు. (పళ్ళేన్ని మాత్రం ఆ నాలుగు రోజుల్లో బుద్ధిగా కాల్చాను.) వాన జోరుగా పడుతోంది. మేం ఆగిన వంపు, మామ దుమ్ము కడిగిన చోటికి కాస్త దిగువన. ఆ రోజు పళ్ళెం దొరే తిప్పాడు. నల్ల ఇసుక పలచబడింది, అంచున పసుపుపచ్చగా ఒక గీత కనిపించింది. దొర దగ్గరచూపుకి కూడా అందేంత గీత.

దొర గొడుగు ముడిచేశాడు. ఆ వానలో ఆయన గొడుగు ముడవడం నేనెప్పుడూ చూడలేదు.

“అద్దం పెట్టి చూడు” అన్నాడు. పళ్ళెం నా ముఖం దగ్గరికి తోశాడు. “ఏం కనిపిస్తోందో చెప్పు. గుండ్రంగా ఉన్నాయా, కోసుగా ఉన్నాయా?”

నేను చూశాను. వడ్రంగి చిత్రిక పడితే లేచే చెక్క పొట్టులాగా, చిన్నచిన్న చుట్టలు. ప్రతి చుట్ట మీదా పక్కపక్కనే వరసగా సన్నటి గీతలు. మామ అరం పళ్ళు ఎంత దగ్గరదగ్గరగా ఉంటాయో అంత దగ్గరగా. ఒక్క ఊపిరిలో మొత్తం అర్థమైపోయింది. ఈ బంగారం ఎవరిది, వాగులోకి ఎలా వచ్చింది, ఆదివారం మెరిసింది ఎండ కాదు, మామ అరం మొండిది కాదు, అన్నీ.

“కోసుగా ఉన్నాయి దొరా.”

“అంచులు అరిగాయా?”

“ఏమాత్రం అరగలేదు దొరా.”

“వంకర తిరిగి ఉన్నాయా?”

“చాలా తిరిగి ఉన్నాయి దొరా.”

ఒక్క మాటా అబద్ధం కాదు. దొర తడి రాతి మీద చతికిలబడ్డాడు. నీటిలో దూరం దొర్లిన బంగారం గులకరాయిలా అరిగి గుండ్రబడుతుందనీ, అరగలేదంటే పుట్టిన చోటు పక్కనే ఉన్నట్టనీ ఆయన నాకు ఎప్పుడో నేర్పిన పాఠం. “ఇది పై కొండల్లోంచి రాలేదు. నూరడుగుల్లోపు పుట్టింది” అన్నాడు. (ఇదీ నిజమే. మామ గుడిసె అంతకన్నా దూరం లేదు.) తలెత్తి ఎగువకి చూశాడు. మామ గుడిసెని ఆయన పట్టించుకోలేదు. చూపు పెద్దమ్మ పొలం గట్టు మీద ఆగింది.

చెప్పడానికి నోరు తెరిచాను. ఈ మాట ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను, బహుశా తెరిచే ఉంటాను. ఆ నోట్లోంచి మాట వచ్చేలోపు దొర లేచి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. తెల్లవాడు నాకు చెయ్యి ఇవ్వడం అదే మొదలు. ఈ గని తెరిస్తే సువాలో ఆఫీసు పెడతారనీ, అందులో నాకో కుర్చీ, ఒక బల్ల వేయిస్తాననీ అన్నాడు. ఐదేళ్ళు గుమాస్తా పని కోసం చెరకు కొట్టినవాణ్ణి. కుర్చీ అన్న మాట వినగానే తెరిచిన నోరు మూశాను. ఆ సాయంత్రం ఆయన చెబుతుంటే కంపెనీకి ఉత్తరం రాశాను. ‘కోసుగా’ అన్న మాట కింద ఆయన గీత పెట్టమంటే రెండు గీతలు పెట్టాను. మర్నాడు అదీ, నమూనాగా పళ్ళెంలో తేలిన ఆ బంగారమూ పడవ మీద వెళ్ళిపోయాయి.

శనివారం పొద్దున్న పెద్దమ్మ పొలం చుట్టూ ఎర్రగుడ్డలు కట్టిన కర్రలు పాతాం. పై సోమవారం కాక ఆ తరవాతి సోమవారం గోతులు తవ్వే కూలీలు వస్తారు. పెద్దమ్మ కొంగు బిగించుకుని వచ్చింది.

“ఏటిరా ఈ జెండాలు? నా ఖేత్‌లో పెళ్ళేటి?”

“పెద్దమ్మా, నీ పొలం కింద బంగారం ఉందని సైన్సు చెబుతోంది.”

“సైన్సెవుడు? కొత్త కులంబరా?” అని, నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. “తవ్వుతారేటి? నా ధాన్ ఏటయిపోద్ది? పాలు పోసుకునుంది రా. మూడు వారాలు ఆగితే పండుతాది. నువ్వు సెప్తే సాబు ఇంటాడు. ఆ మూడు వారాలు ఆగమని సెప్పు.”

“దొర ఆగడు పెద్దమ్మా. ఇది కంపెనీ పని. దేశానికి లాభం వచ్చేటప్పుడు మనం కొంచెం ఓర్చుకోవాలి.”

దొరని నేను అడగనే లేదు. అడిగితే ఆగేవాడేమో. కాని ఆగమని అడగడానికి వెళితే మాట ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందోనని భయం. అందుకని, దేశం ఏదో నాకే తెలియని చోట, దేశం గురించి చెప్పాను. ఆమె వరి వెన్నుని అరచేతిలోకి తీసుకుని, గోరుతో గింజ నొక్కి, కారిన పాలు చూసి, గట్టెక్కి వెళ్ళిపోయింది.

ఆ వారం నా జీవితంలో ఎంతో గొప్ప వారం, ఎంతో చెడ్డ వారం కూడా. జనం దారిలో ఆపి రామ్ రామ్ చెప్పేవారు. కంసాలి మామ వాగు గట్టున నిలబడి విస్తుపోయేవాడు. “రోజూ ఆ నీళ్ళతోనే పళ్ళు తోముకుంటున్నాను అల్లుడూ! బంగారం పుక్కిలించి ఊసేశానన్నమాట! నా దుమ్ములో రానిది ఆ ఇసకలో వచ్చిందా, చూశావా?” అనేవాడు. చూశానని చెప్పి పక్కకి తప్పుకునేవాణ్ణి. ఒకనాటి సాయంత్రం పడవ తాత యంగోనా తాగడానికి పిలిచాడు. దంచిన యంగోనా వేరు పిండిన నీళ్ళు కొబ్బరిచిప్పలో పోసిస్తే ఒక్క గుక్కలో తాగి మూడు చప్పట్లు కొట్టడం వాళ్ళ మర్యాద. నేను చిప్ప ఎత్తుతుండగా ముసలాయన తనకొచ్చిన హిందీలో నెమ్మదిగా అన్నాడు:

“ఇత్వార్ కే తుమ్ ఖిలాయా. బిఫే కే ఊ నికాలా.”

ఆదివారం వాగుని నువ్వు మేపావు, గురువారం అది బయటపెట్టింది అని. యంగోనా మూతిని మొద్దుబారుస్తుందంటారు. నాకు ఆ పూట మెదడు కూడా మొద్దుబారింది. చప్పట్లు మూడు కొట్టానో నాలుగు కొట్టానో తెలియదు.

“కహీ ఉనకే?” ఆయనకి చెబుతావా అన్నాను, దొర గుడారం వైపు చూస్తూ.

తాత తల అడ్డంగా తిప్పాడు. వేలు నా గుండె మీద పెట్టి, “తుమ్” అన్నాడు. నువ్వు అని.

నేను అప్పుడైనా వెళ్ళి ఉంటే ఈ కథలో నాకూ కాస్త మంచిపేరు మిగిలేది. వెళ్ళలేదు. ఇంకా రెండు రోజులు ఆగాను. శుక్రవారం పొద్దున్న సంచులు మోసుకుని వస్తుంటే పెద్దమ్మ పొలంలో కొడవళ్ళ చప్పుడు వినిపించింది. పెద్దమ్మా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ వంగి పచ్చి వరి కోస్తున్నారు. అప్పటికే సగం పొలం పడిపోయింది. కోసిన పనలు బంగారు రంగులో ఉండాల్సినవి, గడ్డిమోపుల్లా ఆకుపచ్చగా గట్టు మీద పడి ఉన్నాయి.

“ఇదేంటి పెద్దమ్మా! పండకుండానే!”

“మట్టిలో కలిసిపోయే కన్నా నయం కాదేటి?” అని నడుం మీద చెయ్యి వేసుకుని లేచింది. “నువ్వు ముందుగా సెప్పబట్టి కళ్ళు తెరిసినాను. లేపోతే సోమారం వచ్చి తవ్వీసేవోళ్ళు, ఈ పాటి గడ్డీ దక్కకపోను. నాకు కొడుకుంటే మాత్తరం ఇంతకన్నా ఏటి సేస్తాడు? సల్లగుండు నాయినా.” మట్టి చేతిని నా తల మీద పెట్టింది.

ఆమె తిట్టి ఉంటే ఆ దేశం గురించిన ఉపన్యాసం ఇంకోసారి ఇచ్చి ఉండేవాణ్ణని నా అనుమానం. ఆమె దీవించింది. సంచులు అక్కడే వదిలేసి గుడారానికి నడిచాను. (కొత్త కళ్ళద్దాలు వచ్చే ఓడలో రానున్నాయని ముందు రోజే దొర చెప్పిన సంగతి కూడా దాచడం ఎందుకు? పశ్చాత్తాపం నూటికి నూరుపాళ్ళూ పెద్దమ్మ పుణ్యమేనని చెప్పుకోవాలనే ఉంది. తొంభై అనుకోండి.)

దొర బల్ల మీద కాగితాన్ని చెయ్యి చాచినంత దూరంలో పెట్టి, గని ఎక్కడ దింపాలో బొమ్మ గీస్తున్నాడు. దారిలో మూడు భాషల్లో సాధన చేసిన మాటలన్నీ పోయాయి. చేప దగ్గర మొదలుపెట్టాను. అక్కణ్ణించి కొబ్బరినూనె, పళ్ళెం, మామ దుమ్ము, అరం గీతలు, అన్నీ వరస తప్పి బయటపడ్డాయి. ఆయన పెన్సిలు కింద పెట్టి చివరిదాకా విన్నాడు.

“ఆ గీతలు నీకు గురువారమే కనిపించాయా?”

“కనిపించాయి దొరా.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“మీరు గీతల గురించి అడగలేదు” అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక, దాన్ని నా చెవులతో నేనే విన్నాక, నిలబడ్డ చోటు బీటలువారితే బాగుండుననిపించింది.

దొర గీస్తున్న బొమ్మని సగానికి మడిచాడు. తరవాత, “నూరడుగుల్లోపే పుట్టిందన్నాను. ఆ మాట మాత్రం తప్పలేదు” అని ఒక రకంగా నవ్వాడు. ఆ నవ్వులో బంగారు పన్ను కనిపించలేదు. “కాగితం తియ్యి” అన్నాడు.

ఆయన చెప్పినది రాశాను. ముందు రాసిన కబురు పొరపాటు. ఆ ఇసుకలోకి బయటి బంగారం చేరింది. పరిశీలనలో లోపం నాది. ‘నాది’ అన్న చోట నా కలం ఆగిపోయింది. “రాయి” అన్నాడు. రాశాను. అక్షరాలు నావి, సంతకం ఆయనది. ఏ పక్కా నా పేరు లేదు. నన్ను తిట్టి, ఆ పూటే పని మానిపించి పంపేసి ఉంటే ఈపాటికి ఆయన్ని మరిచిపోయి ఉండేవాణ్ణి.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం వెళ్ళి ఎర్రగుడ్డల కర్రలు పీకేశాం. చప్పుడికి కొడవళ్ళు ఆగాయి. కంసాలి మామ కూడా వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. ఇద్దరి ముందూ మళ్ళీ చేప దగ్గర మొదలుపెట్టాను. ముందు మామ ముఖం వెలిగింది.

“అంటే నా అరం మొండిది కాదన్నమాట!” అని, వెంటనే సంగతి పూర్తిగా తలకెక్కి, “ఓరి నీ సైన్సు తగలెయ్య! ఏడాది బంగారం వాగుకి తాగించావటరా! అందుకా ఆ మణికట్టు తిప్పుళ్ళు!” అని తలపాగా తీసి నేలకేసి కొట్టాడు.

పెద్దమ్మ నన్ను చూడలేదు. పడి ఉన్న పనలు చూసింది. నిలబడి ఉన్న సగం పొలం చూసింది. ఆమె ఊరికే అలా చూస్తున్నంతసేపూ నేను తల ఎత్తలేకపోయాను. ఆఖరికి ఒక పన పైకెత్తి, వెన్ను నలిపి, నోట్లో వేసుకుంది.

“బియ్యానికి పనికిరాదు. దంపితే నుగ్గయిపోద్ది. వేయించి అటుకులు కొట్టుకోవాల” అంది. “వేయించడం నాను వేయిస్తాను. దంపేది నువ్వే.”

“ఎంత దంపాలి పెద్దమ్మా?”

“కోసిందంతా.”

తొమ్మిది రోజులు దంపాను. పొద్దున్నే దొర పని, ఎండ వాలాక పెద్దమ్మ వాకిట్లో రోలూ రోకలీ. పచ్చి వడ్లు మంగలంలో చిటపటలాడగానే వేడివేడిగా రోట్లో పోసేది. అవి చల్లారేలోపు పోట్లు పడాలి, లేకపోతే గింజ అణగదు. సుత్తి పట్టి కాయలు కాశాయనుకున్న నా అరచేతులు రెండో రోజుకే బొబ్బలెక్కాయి. పని లేని ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చునేవారు. “పత్థర్ బాబూ, రోట్లో ఏటి కనిపిస్తంది? గుండ్రంగా ఉందా, కోసుగా ఉందా?” అని ఒకామె అంటే, “అంచులు అరిగినాయేటి?” అని ఇంకొకామె. ఈ ప్రశ్నలు వీళ్ళ దాకా ఎలా చేరాయో మామని అడగక్కర్లేకుండానే తెలిసింది. ఒక సాయంత్రం దొర గొడుగేసుకుని వచ్చి, కాసేపు నా చెయ్యి చూసి, ‘పళ్ళెం కన్నా బాగా పడుతోంది’ అని, పెద్దమ్మ ఆకులో పెట్టిచ్చిన అటుకులు తింటూ వెళ్ళాడు.

నవ్వులాటగానే రాస్తున్నాను కాని, దాచకూడనిది ఒకటుంది. ఎన్ని అటుకులైనా అవి అన్నం కావు. మిగిలిన సగం పొలం పండింది కాని, ఆ ఏడాది పెద్దమ్మ ఇంట్లో బియ్యం ముందే నిండుకున్నాయి. తరవాతి పంట చేతికొచ్చే ముందు రెండు నెలలు ఆమె కర్రపెండలం ఉడకేసుకుని తిన్నది నాకు తెలుసు. ఆమె ఆ మాట ఎన్నడూ నాతో అనలేదు. తను వేసుకున్న మొదటి పంట పండి నిలబడి ఉంటే చూడాలని ఆమెకి ఎంత ఉండేదో, సగమే చూసింది. మామకి కూడా ఆ బంగారం మళ్ళీ చేరలేదు. ఎన్ని ఆదివారాలు ఆ వాగు ఇసుక తిప్పినా, కాల్చిన పళ్ళెంతో, ఆయన కళ్ళెదుటే, నేను తిరిగి రాబట్టినది గోరు మీద నిలిచేంత.

దంపుడు ముగిసిన రోజున పెద్దమ్మ అటుకుల్లో కొబ్బరికోరూ బెల్లమూ కలిపి నాకు పెట్టింది. గట్టు మీద పక్కన కూర్చుంది. మిగిలిన పైరు అప్పటికి పసుపు తిరుగుతోంది. దాన్నే చూస్తూ, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

“ఒరే, నిజంగా నా పొలం కింద ఏటీ నేదా?”

“లేదు పెద్దమ్మా.”

“ఓ రవ్వంతయినా?” అంది. నేను అటు తిరిగి చూస్తే ఆమె నన్ను చూడకుండా పైరు వైపే చూస్తోంది. ఆ ఏడు రోజులూ, పచ్చి పైరు కోస్తున్నప్పుడు కూడా, ఆమె మనసులో ఎక్కడో ఒక మూల ఆ జెండాలు ఎగిరాయన్న మాట నాకు అప్పుడే తట్టింది.

ఆమెకి ఏదైనా కాస్త మంచిమాట చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఇంకా లోతుగా చూడలేదు కదా అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు.

“రవ్వ కూడా లేదు. అంతా మట్టే పెద్దమ్మా. మంచి మట్టి.”

“పోన్లే” అని లేచి, గట్టు తెగిన చోట అంత మట్టి తీసి అద్ది, కాలితో తొక్కింది.

మరుసటి ఏడాది దొర ఏమీ దొరకలేదని రాసి వెళ్ళిపోయాడు. సుత్తి ఆయనతోనే పోయింది. సువాలో నా కుర్చీలో ఎవరూ కూర్చోలేదు, ఎందుకంటే అలాంటి కుర్చీ లేదు. తరవాత నేను ఈ పడమటి వైపు వచ్చి అందరిలాగే చెరకు వేసుకున్నాను. ఎప్పుడైనా పొలంలో తవ్వుతుంటే పారకి రాయి తగిలినప్పుడు, ఈ ముసలి చెయ్యి ఇంకా దాన్ని తిప్పి చూడబోతుంది. చూసి, నవ్వుకుని, గట్టు మీదికి విసిరేస్తాను. భూగర్భశాస్త్రంలో నా ఉద్యోగం ఏడాదిన్నర సాగింది. అందులో నేను ఏమీ దాచకుండా ఇచ్చిన నివేదిక ఒకే ఒక్కటి. అది ఇంగ్లీషులో లేదు, దాని కింద సంతకం లేదు. గట్టు మీద కూర్చుని, నోట్లో అటుకులతో ఇచ్చాను.